ఏడుకొండలుగారి సీసా

ఆ ఏడు ఊరికి తుఫాను రాలేదు గానీ, సముద్రం పక్కనున్న పరిశోధనా సంస్థకు మాత్రం సర్క్యులర్లు వచ్చిపడ్డాయి. వానలు మొదలైనప్పుడు ఒకటి, వానల నడిమధ్యన రెండు, వానలు వెనకపట్టాక ఇంకొకటి. ఆ చివరిదాని సంగతే ఇది.

సంస్థలో గాజుసామాను కడిగే బుల్లెమ్మకు సర్క్యులర్లు చదవడం రాదు. సంతకం మాత్రం వచ్చు. గోడకి పిడకలు కొట్టినట్టు ఒక్కో అక్షరం ఎడంగా, గట్టిగా పెడుతుంది. ముప్ఫైరెండేళ్ళుగా అక్కడ సీసాలూ గొట్టాలూ గిన్నెలూ కడుగుతోంది. ఏడుగురు డైరెక్టర్లను చూసింది. కాలాన్ని సంవత్సరాలతో లెక్కపెట్టే అలవాటు ఆమెకు లేదు. "లిఫ్టులో ఇరుక్కున్న డైరెక్టరుగారప్పుడు మా ఆయన పోయాడు," అంటుంది. "కుందేళ్ళ డైరెక్టరుగారప్పుడు మా పెద్దదాని పెళ్ళి," అంటుంది.

ఆ కుందేళ్ళ సంగతి కూడా చెప్పుకుని ముందుకు పోదాం. సంస్థలో ఊపిరి పీల్చే ప్రతి ప్రాణీ పొద్దున్నే హాజరు వేయించుకోవాలని ఆ డైరెక్టరుగారు ఆజ్ఞ వేశారు. నలభై కుందేళ్ళను వరండాలో బారుగా కూర్చోబెట్టి నంబరు నంబరునా పిలిచారు. పదిహేడో నంబరు పిలిచేసరికి ఎవరో గేటు తీశారు. ఇరవై మూడు కుందేళ్ళు చూస్తుండగానే సరుగుడు తోటల్లోకి చక్కాపోయాయి. కొన్నాళ్ళు వెతికించారు, ఆ మీదట వాటికి దీర్ఘకాలిక సెలవు మంజూరు చేసి ఫైలు మూశారు. అంటే, ఈ సంస్థలో పుట్టే తెలివితేటలు బుల్లెమ్మకు కొత్తేమీ కాదు. అయినా ఈసారి వచ్చిన సర్క్యులరు ముందు ఆ కుందేళ్ళు దిగదుడుపే.

పరిపాలనాధికారి త్రివిక్రమరావు దాన్ని తన గది తలుపుకు అంటించి, తనే నిలబడి పైకి చదివాడు.

"మానవ మూలముగల ఏ పదార్థమైనను, సదరు మానవుని లిఖితపూర్వక అంగీకారము, ఛాయాచిత్రము, గుర్తింపు చిహ్నములు జతపరచనిదే సంస్థయందు వినియోగింపరాదు. ఇందుకు మినహాయింపు లేదు."

చెడ్డ మాటేం కాదది. ఎవరి నెత్తురో తెచ్చి, వాళ్ళకు చెప్పకుండా పరీక్షలు చేయడం తప్పే కదా. చెడ్డది మాటలో లేదు, ఆ తలుపు లోపల కూర్చున్న మనిషిలో ఉంది.

సరిగ్గా మూడో రోజున కుందన పార్సిల్ వచ్చింది.

కుందన పరిశోధన చేసుకునే పిల్ల. నాలుగున్నరేళ్ళు అయింది చేరి. కళ్ళజోడు, భుజాన సంచీ, ఆ సంచీలో మధ్యాహ్నం తినడం మర్చిపోయిన చపాతీలు. నెలాఖరుకు ఆమె గడువు అయిపోతుంది. ఆ లోగా చివరి ప్రయోగం ఒక్కటి పూర్తిచేస్తే డాక్టరేటు చేతికొస్తుంది, చేయకపోతే ఇన్నేళ్ళ చదువు గాలికి పోతుంది. ఆ ప్రయోగానికి కావలసిన ప్రోటీన్ కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసింది. వచ్చినదేమో చిటికెనవేలంత సీసా. చుట్టూ థర్మోకోల్ పెట్టె, పెట్టెనిండా పొగలు కక్కే డ్రై ఐస్.

"ఇంత బుల్లి సీసాకి ఇంత పెట్టా అమ్మాయిగారూ!" అంది బుల్లెమ్మ.

"దీన్ని గడ్డకట్టే చలిలో ఉంచాలి పిన్నీ. లేకపోతే పాడైపోతుంది."

"ఏటి చేత్తాదండీ ఇది?"

కుందన ఎవరడిగినా చెప్పే పిల్ల. "వంకాయ కోసి పెడితే నల్లబడుతుంది కదా? గాలి తగిలి. మన ఒంట్లో కణాలకి కూడా అలాంటిదే జరుగుతూ ఉంటుంది. ఊపిరి పీల్చే గాలే లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పు పట్టకుండా కాపలా కాసే ప్రోటీన్ ఒకటి మన ఒంట్లోనే తయారవుతుంది. ఇది అదే."

"అంటే వంకాయ ముక్కలేసే ఉప్పునీళ్ళన్నమాట."

"అంతే!"

"మరి ఇది ఎవరి ఒంట్లోంచి తీశారండీ?"

"ఎవరి ఒంట్లోంచీ కాదు. మనిషి ఒంట్లో దాన్ని ఎలా తయారుచేయాలో రాసి ఉంటుంది చూడు, ఆ రాత నకలు తీసి ఒక సూక్ష్మజీవిలో పెట్టారు. ఆ రాత చూసి సూక్ష్మజీవి వండిపెట్టింది."

"మా అత్తగారి చేపల పులుసు నేను వండినట్టు."

"నువ్వు మా క్లాసులో కూర్చోవలసినదానివి పిన్నీ," అని నవ్వింది కుందన.

ఆ నవ్వు ఆఫీసు గుమ్మం దాకానే. సీసా మీది లేబుల్లో 'మానవ ప్రోటీన్' అని ఉంది. త్రివిక్రమరావు భూతద్దం తెప్పించుకుని ఆ రెండు మాటలూ మూడుసార్లు చదివాడు. తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఈ మానవుడు ఎవరు?"

కుందన మొత్తం చెప్పింది. రాత, నకలు, సూక్ష్మజీవి. అతను కళ్ళు మూసుకుని విని, కళ్ళు తెరిచి, "అది సాంకేతిక విషయము. నేను అడుగుచున్నది పరిపాలనా విషయము. మానవ ప్రోటీన్ అన్నప్పుడు ఒక మానవుడు ఉండి తీరవలెను. అతని అంగీకార పత్రము ఎక్కడ?" అన్నాడు.

"మానవుడు లేడు సార్."

"లేని మానవుని ప్రోటీన్ ఎట్లు వచ్చినది?"

"సూక్ష్మజీవి చేసింది సార్!"

"అట్లయిన ఆ జీవి సంరక్షకుని హోదాలో సంతకము చేయవలెను." అతను అయిదు పేజీల ఫారం తీసి ముందుకు తోశాడు. "తండ్రి పేరు, శాశ్వత చిరునామా, రెండు పుట్టుమచ్చలు. మూడు ఫోటోలు. అంతవరకు ఈ పదార్థము నా స్వాధీనమున ఉండును."

పెట్టె అతని బల్ల మీదే, ఫ్యాను కింద ఉండిపోయింది. పొగలు బల్లంతా పాకి ఫైళ్ళ మీదుగా కిందకు జారుతున్నాయి. అతను వాటి మధ్యన, మేఘాల్లో కూర్చున్న దేవుడిలాగా సంతకాలు పెట్టుకుంటున్నాడు.

కుందన ఏం చేస్తుంది పాపం. సూక్ష్మదర్శినిలోంచి ఆ జీవిని ఫోటో తీసి, మూడు కాపీలు కత్తిరించి ఫారానికి అంటించి ఇచ్చింది. కాస్త పొడుగ్గా, బియ్యపుగింజలా ఉంది అది. మర్నాడే ఫారం తిరిగొచ్చింది. మీద ఎర్రసిరాతో రాసి ఉంది: 'రెండు చెవులును స్పష్టముగా కనపడుటలేదు.'

ఇక్కడ డ్రై ఐస్ మాట చెప్పాలి. అది మామూలు మంచులా కరిగి నీరవదు, గాలిలో కలిసిపోతుంది. రెండో రోజుకే పెట్టె సగం ఖాళీ అయింది. కుందన గుమ్మంలో నిలబడి ఆ పెట్టెవైపు చూసే చూపు, ఆసుపత్రిలో అద్దం అవతల పడుకోబెట్టిన బిడ్డను తల్లి చూసే చూపులా ఉంది. బుల్లెమ్మ ఆ చూపు చూడలేకపోయింది. ఆమె ఉండేది జాలరిపేటలో. తెల్లారేసరికి పడవల దగ్గర చేపలకు వేసే ఐసు గుట్టలుగా ఉంటుంది. మర్నాడు ఒక బకెట్టు ఐసు పట్టుకొచ్చి, త్రివిక్రమరావు అనుమతితోనే పెట్టెలో పోసింది.

"పదార్థమును కాపాడుటకు అభ్యంతరము లేదు," అన్నాడతను. "వాడుటకే అభ్యంతరము."

"మీరు చల్లగుండాలయ్యగారూ," అంది బుల్లెమ్మ, ఆ మాట నిజంగా ఐసు గురించేనన్నట్టు.

కానీ చేపల ఐసు చేపలకే చాలుతుంది. "ఇది చాలదు పిన్నీ," అంది కుందన ఆ మధ్యాహ్నం. సీసాలు కడిగే తొట్టి దగ్గర నిలబడి. "సాయంత్రానికల్లా ఫ్రీజర్‌లోకి వెళ్ళకపోతే అయిపోయినట్టే. తుప్పు పట్టకుండా కాపాడేది తనే తుప్పు పట్టిపోతుంది. నేను ఇంటికి వెళ్ళిపోవడమే."

బుల్లెమ్మ తొట్టిలోంచి ఒక సీసా తీసి, దాని లేబుల్ మూలన గోటితో తట్టింది.

ముప్ఫైరెండేళ్ళుగా ఆమె చేస్తున్న పనిలో సగం సీసాలు కడగడం, మిగతా సగం సీసాల మీది లేబుళ్ళు ఊడదీయడం. ఏ లేబుల్ గోరువెచ్చని నీళ్ళకు వస్తుందో, ఏది ఆవిరికి వస్తుందో, ఏది గోటితో మూలన తడితే చాలునో ఆమె వేళ్ళకు తెలుసు. అలాంటి చిటికెనవేలంత సీసాలు ఆవిరిలో ఉడికించి ఆరబెట్టినవి ఆమె దగ్గర నూట యాభై ఉన్నాయి. ఒంటిగంటకు త్రివిక్రమరావు క్యారేజీ పట్టుకుని భోజనాల గదికి వెళ్ళాడు. ఒంటిగంటా అయిదుకు బుల్లెమ్మ బకెట్టుతో అతని గదిలోకి వెళ్ళింది. ఒంటిగంటా పదికి బయటకు వచ్చింది.

కొంగు ముడి విప్పి, లేబుల్ లేని సీసా ఒకటి కుందన చేతిలో పెట్టింది.

"ఫ్రీజరులో ఎట్టేయండి."

కుందన ఆఫీసు వైపు చూసింది. "మరి... అక్కడ?"

"అక్కడా సీసా ఉందండి. లేబులూ ఉంది. లోపల మీరు వాడే ఆ రెండుసార్లు కాచిన నీళ్ళే, మంచి శుభ్రమైనయ్యి. పురుగు కూడా లేదు."

"పిన్నీ, ఇది తప్పు కదా! తెలిస్తే నీ ఉద్యోగం..."

"నాకింకో అయిదు నెల్లే ఉంది. మీకయితే పదిహేను రోజులే ఉంది. ఎవరిది ముందయిపోద్దో చూస్కోండి."

ఫ్రీజర్ తలుపు మూసుకుంది. అయితే గండం సగమే గడిచింది. ప్రయోగం చేసే గది తాళం త్రివిక్రమరావు దగ్గరుంది. అంగీకార పత్రం రానిదే ఆ తాళం రాదు. కాబట్టి ఆ లేని మానవుడు ఎక్కడున్నా, నెలాఖరులోగా దొరికి తీరాలి.

బుల్లెమ్మ రోజూ పొద్దున్నే ఐసు తెచ్చి పోస్తూనే ఉంది. నీళ్ళ సీసాకు ఐసెందుకని కుందన అడిగితే, "పోయడం మానేస్తే ఎందుకు మానేసేవంటాడు కదండీ," అంది. అది నిజమే. పెట్టె మాత్రం రోజురోజుకూ ఒక రకం వాసన పట్టసాగింది.

సీసా మారిన పదో రోజున, ఇలాంటి అంగీకారాల మంచిచెడ్డలు తేల్చే నైతిక సంఘం సమావేశమైంది. అధ్యక్షులు సోమయాజులుగారు తత్త్వశాస్త్రంలో ఆచార్యులుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరినీ నొప్పించరు, ఏ ప్రశ్ననూ వదిలిపెట్టరు. కుందన మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మధ్యలో మాటలు తడబడితే, టీ కప్పులు తీయడానికొచ్చిన బుల్లెమ్మ ఆగలేక కలగజేసుకుంది.

"అయ్యగారూ, అది మా అత్తగారి పులుసు లాంటిదండి. ఆవిడ చెప్పింది, నేను వండేను. పులుసు ఆవిడదే, కుండ నాది. అంతమాత్రాన ఆవిడ ఒంట్లోంచి తీసినట్టా అండీ?"

సోమయాజులుగారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "గంభీరమైన ఉపమానము," అన్నారు. "మరి ఆ పులుసు వండుటకు మీ అత్తగారి అంగీకారము ఉన్నదా?"

"ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళయిందండి."

"అయితే వారసుల సంతకము కావలెను," అన్నాడు త్రివిక్రమరావు, కలం తీస్తూ.

తర్వాత పదార్థాన్ని స్వయంగా పరిశీలించాలని తీర్మానించి, సంఘమంతా బల్ల చుట్టూ చేరింది. త్రివిక్రమరావు పెట్టె మూత తీశాడు. అందరూ వంగారు. అందరూ ఒక్కసారే వెనక్కి వచ్చారు. సోమయాజులుగారు మాత్రం ముక్కు మూసుకోలేదు. ఆయన సత్యాన్వేషి. మళ్ళీ వంగి, నిండుగా ఒకసారి పీల్చారు.

"త్రివిక్రమరావుగారూ, మీకేమైనా స్ఫురించుచున్నదా?"

"చేపల వాసన అండి."

"ఈ మానవుడు," అన్నారాయన, ఒక్కొక్క మాటా తూచి, "మత్స్యకారుడు."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. కుందన నోరు తెరిచింది. బుల్లెమ్మ వెనక నుంచి ఆమె జడ పట్టుకుని గట్టిగా లాగింది. ఐసు తెచ్చింది తనేనని చెప్పాలంటే, సీసా మార్చిందీ తనేనని చెప్పవలసి వస్తుంది. పైగా లేని మానవుడు ఏదో ఒక వృత్తిలో కుదురుకున్నాడు. అదీ ఒక రకానికి మంచిదే.

మర్నాడు నైతిక సంఘం జీపులో జాలరిపేటకు బయలుదేరింది. దారి చూపడానికి బుల్లెమ్మనే ఎక్కించుకున్నారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళందరినీ పడవల మధ్య నిలబెట్టి, త్రివిక్రమరావు ప్రకటించాడు.

"మీలో ఎవరి శరీరము నుండియైనను, ఎప్పుడైనను, ఏదైనను తీయబడినదా?"

"పన్ను," అన్నాడొకడు.

"గెడ్డం," అన్నాడు ఇంకొకడు. ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"నా ఓపిక తీసేసిందండి. మా యావిడ," అన్నాడు మరొకడు.

అప్పుడు వెనకనుంచి ఏడుకొండలు ముందుకొచ్చాడు. బుల్లెమ్మకు సొంత మరిది. యాభై ఏళ్ళవాడు, పర్వతంలాంటి మనిషి, ఏ విషయాన్నైనా మనసుకు పట్టించుకునే రకం. చొక్కా ఎత్తి పొట్టకు కుడిపక్కన ఉన్న మచ్చ చూపించాడు.

"పన్నెండేళ్ళ కితం పెద్దాసుపత్రిలో నా లోపల్నించి ఓటి తీసేరండి. ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పి అంటే కోసేరు. ఏం తీసేరంటే చూపించలేదు. ఏం చేసేరంటే చెప్పలేదు. ఆ రోజు కాణ్ణించీ అడుగుతానే ఉన్నా, మా వదిన్నడగండి."

త్రివిక్రమరావు, సోమయాజులుగారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. త్రివిక్రమరావు ఆనందంగా ఫారం బయటకు తీశాడు. మానవుడు! మత్స్యకారుడు! గుర్తింపు చిహ్నము కూడా ఉన్నది!

బుల్లెమ్మ అడ్డుపడింది. "అయ్యగారూ, అదీ ఇదీ ఒకటి కాదండి. ఆడిది పేగు ముక్క..."

"బుల్లెమ్మా, బంధుప్రీతితో విచారణను ప్రభావితము చేయరాదు," అన్నాడు త్రివిక్రమరావు.

ఏడుకొండలును జీపులో సంస్థకు తీసుకొచ్చి, పెట్టె మూత తీసి చూపించారు. వాడు సీసాకేసి చాలాసేపు చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంతే ఉంటాదా అండీ?"

"శుద్ధి చేయగా మిగిలినది," అన్నారు సోమయాజులుగారు మెత్తగా.

"సంతకము ఇక్కడ," అన్నాడు త్రివిక్రమరావు.

ఏడుకొండలు కళ్ళు తుడుచుకున్నాడు. "సంతకం ఎందుకండీ? దొరికింది కదా. ఇంటికి అట్టుకుపోతాను."

అప్పటికి నెలాఖరుకు అయిదు రోజులుంది. మానవుడు దొరికాడు, దొరికినవాడు అంగీకరించనన్నాడు! ఆ సంస్థ చరిత్రలో ఏ మానవుడూ అంతవరకు ఏ ఫారానికీ కాదనలేదు. సంఘం రెండు రోజులు కూర్చుంది. ఏడుకొండలు మెట్ల మీద కూర్చున్నాడు. బలవంతపు సంతకం అనైతికమని ఒకరు, సీసా తిరిగి ఇచ్చేయాలని ఒకరు, ఇస్తే దానిని యథాస్థానమున పెట్టించవలసిన బాధ్యత సంస్థదేనని మరొకరు వాదించారు. యథాస్థానమున పెట్టగల డాక్టరు కోసం పెద్దాసుపత్రికి ఉత్తరం కూడా వెళ్ళింది.

కుందన కణాలను గిన్నెల్లో పెంచి సిద్ధంగా ఉంచుకుంది. రోజూ వాటికి మేత మారుస్తోంది. "ఎల్లుండి దాటితే ఇవి కూడా చచ్చిపోతాయి పిన్నీ," అంది.

బుల్లెమ్మ చెయ్యి తుడుచుకుని మెట్ల దగ్గరకు వెళ్ళింది. మరిది పక్కన కూలబడింది.

"ఒరేయ్ కొండలూ, సంతకం ఎట్టెయ్యరా."

"నాది వదినా అది."

"నీదే. ఎవరు కాదన్నారు? కానీ ఇంటికట్టుకెళ్ళి ఏం చేత్తావు? ఉట్టి మీదెడతావా? ఐసెవడు పోత్తాడు? మీ యావిడ చేపల్తో పాటు అమ్మేత్తాది."

ఏడుకొండలు ఆలోచించాడు. వాళ్ళావిడ సంగతి వాడికి తెలుసు.

"ఈ పిల్ల దాన్ని మంచిగా చూసుకుంటాది. చదువుకున్న పిల్ల," అంది బుల్లెమ్మ. అంటూ తల పక్కకు తిప్పుకుంది. నీళ్ళ సీసా కోసం మరిదిని మోసం చేస్తున్నందుకు కాదు, ఆ నీళ్ళ సీసా మీద వాడికి నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చినందుకు.

"అయితే ఓ మాట వదినా. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాను."

నైతిక సంఘం అత్యవసరంగా సమావేశమై, ప్రతి ఆదివారం పది నుంచి పదకొండు వరకు దాతకు దర్శనం కల్పించుటకు సమ్మతించింది. ఏడుకొండలు సంతకం పెట్టాడు. ఫోటోలో వాడి రెండు చెవులూ బ్రహ్మాండంగా వచ్చాయి. వాడికి శాలువా కప్పారు. త్రివిక్రమరావు సీసాను పళ్ళెంలో పెట్టుకుని, వెనక సంఘమంతా నడవగా, ప్రయోగశాల దాకా మోసుకొచ్చి తాళం తీశాడు.

"సకల అనుమతులతో," అన్నాడు. "ప్రారంభింపుడు. మేము సాక్షులుగా ఉందుము."

కుందన వెనక్కి తిరిగి బుల్లెమ్మను చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సాక్షుల ఎదుట, ఆ పళ్ళెంలోని నీళ్ళతోనే ప్రయోగం చేయాలి.

కుందనకు ఆ క్షణంలో చదువు అక్కరకొచ్చింది. "సార్, ఈ ప్రయోగంలో రెండు వరసలుంటాయి. ఒక వరసలో ఈ సీసాలోది వేస్తాను. పక్క వరసలో, పోల్చి చూడడానికి, ఇంకొకటి వేస్తాను." పక్క గదిలోని ఫ్రీజర్ తెరిచి లేబుల్ లేని సీసా తెచ్చింది.

"అదేమిటి?"

"దీని మీద ఏమీ రాసి లేదు సార్."

త్రివిక్రమరావు సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేబుల్ లేని పదార్థము సర్క్యులరు పరిధిలోనికి రాదు. సంస్థ దృష్టిలో అది లేనట్టే. వేసికొనుము."

ఒక వరస గిన్నెల్లో అది కొంచెం, పక్క వరసలో ఇది కొంచెం వేసింది. తర్వాత రెండింటిలోనూ తుప్పు పట్టించే మందు చుక్క చుక్క వదిలింది. చెవిలో వేస్తే బుసబుసా పొంగుతుందే, అదే పెరాక్సైడు. మర్నాడు పొద్దున్న నీలం రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టింది. చచ్చిన కణం ఆ రంగు తాగి నీలమైపోతుంది, బతికినది తాగదు.

లేబుల్ లేని సీసా వరస తెల్లగా, నిక్షేపంగా ఉంది. మానవుని అంగీకారము, ఛాయాచిత్రము, గుర్తింపు చిహ్నములు, శాలువా ఉన్న వరస మొత్తం నీలిమందు పోసినట్టుంది.

కుందనకు కావలసినది సరిగ్గా అదే. కాపలా ఉన్నచోట బతికాయి, నీళ్ళు పోసినచోట చచ్చాయి. ఆనందం మొహంలో కనపడకుండా పళ్ళు బిగించుకుంది. సంఘం మాత్రం పీనుగు దగ్గర నిలబడినట్టు నిలబడింది.

"అన్ని అనుమతులున్నది పనిచేయలేదు," అన్నాడు త్రివిక్రమరావు. "ఏ అనుమతీ లేనిది పనిచేసినది. ఇది ఎట్లు సంభవము?"

బుల్లెమ్మ చెవులు రిక్కించింది. తొట్టి దగ్గర కుళాయి కట్టేసి నిలబడింది.

సోమయాజులుగారు కిటికీ దగ్గరకెళ్ళి సముద్రంవైపు చూశారు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం వెలుగుతోంది.

"దాత అంగీకరించెను. కానీ మనఃపూర్వకముగా అంగీకరించెనా? రెండు దినములు మెట్లపై కూర్చొని, వదినగారి బలవంతముపై సంతకము చేసెను. అర్ధమనస్కమైన అంగీకారము వలన ప్రోటీన్ నిరుత్సాహము చెందినది."

మధ్యాహ్నానికల్లా కొత్త సర్క్యులరు తలుపెక్కింది. ఇకమీదట అంగీకార పత్రముతోపాటు, దాత నవ్వుచున్న ఫోటో జతపరచవలెను. పళ్ళు కనపడవలెను.

నెలాఖరు ముందురోజున కుందన తన పరిశోధన రాసి ఇచ్చేసింది. 'పోలిక కొరకు వాడినది' అన్నచోట ఉన్నదున్నట్టు 'స్వేదనజలం' అనే రాసింది. సంస్థలో ఎవరూ ఆ పేజీ దాకా చదవలేదు. పరీక్షకులు చదివి, చాలా శుభ్రమైన ప్రయోగమని మెచ్చుకున్నారు. వెళ్ళేరోజున ఆ పిల్ల తొట్టి దగ్గరకొచ్చి, తడి చేతులతో ఉన్న బుల్లెమ్మను అలాగే వాటేసుకుంది.

"మీ చపాతీలు తినండి ముందు," అంది బుల్లెమ్మ, ముక్కు ఎగబీల్చి.

ఆ సాయంత్రమే రెండు ఖాళీ సీసాలూ తొట్టిలోకి వచ్చాయి. బుల్లెమ్మ వాటిని మిగతావాటితో కలిపి నానబెట్టి, లేబుల్ ఊడదీసి, కడిగి, బోర్లించి ఆరబెట్టింది. మర్నాడు పొద్దున్నే త్రివిక్రమరావు తనే వచ్చాడు. చేతిలో అద్దాల పెట్టె, పూలదండ, ఆ తడి లేబుల్‌కు బదులుగా కొత్తగా రాయించిన రాగిరేకు.

"బుల్లెమ్మా, దాతకు ఆదివారం దర్శనమని సంఘం మాట ఇచ్చినది. సీసాను ముఖద్వారమున ప్రతిష్ఠింపవలెను. అది ఎక్కడ?"

బుల్లెమ్మ ఆరబెట్టిన వరసల వైపు చూసింది. నూట యాభై ఒక్క సీసాలు, ఒకే తల్లి పిల్లల్లా బోర్లపడి ఉన్నాయి. చేతికి ముందొచ్చినది తీసి ఇచ్చింది.

ఆదివారం పది గంటలకు ఏడుకొండలు తలంటుకుని, శాలువా కప్పుకుని వచ్చాడు. చేతిలో రెండు అరటిపళ్ళున్నాయి. వాటిని అద్దాల పెట్టె ముందు పెట్టి, వంగి, లోపలికి చాలాసేపు చూశాడు. పక్కనే త్రివిక్రమరావు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

"వదినా," అన్నాడు ఏడుకొండలు చివరికి, గొంతు తగ్గించి. "కాస్త చిక్కినట్టు లేదూ?"

బుల్లెమ్మ కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది.

"కొత్తచోటు కదరా," అంది. "మెల్లిగా అలవాటు పడద్దిలే."